కత్తెర గుర్తు

కాటన్‌పేట అడ్డరోడ్డులో
నా మిషను నడిచే మేడమీది గదికి
పార్టీ పుట్టిన మూడోనాడే వచ్చారు వెంకోబరావుగారు.
చెమటకి కారిన కుంకుమబొట్టు, చంకలో గుడ్డ తాను.
"సరోజక్కా, జెండా మారింది" అన్నారు,
ఇంట్లో ఎవరో పోయారన్నంత నెమ్మదిగా.

అప్పటికి పదకొండేళ్ళుగా పాత పార్టీకి కుడుతున్నాను.
కొత్తవాళ్ళకి కాషాయం కొంచెం ముదురుండాలట.
మామూల్‌పేటలో నాలుగు కొట్లు తిరిగాం.
ఒకచోట పసుపెక్కువ, ఒకచోట ఇటుకపొడి,
ఒకచోట అచ్చం పాతదే.
గుడ్డని వీధిలోకి తెచ్చి ఎండకి పట్టి
"ఇందులో మా బాధ కనిపిస్తోందా?" అని అడిగారు.
నాకు మీటరు ధర కనిపించింది.

ఎందుకు చీలారని నేనడగలేదు. ఆయనే చెప్పారు:
సిద్ధాంతం, ద్రోహం, ముప్పై ఏళ్ళ త్యాగం.
కాజాలు కుట్టే గిరిజ వేరే చెప్పింది:
రామనవమి ఊరేగింపు జీపులో
ముందు సీటు ఒకటే.

శంఖం అడిగారు, దీపం అడిగారు.
ఎన్నికలవాళ్ళు కత్తెర ఇచ్చారు.
ఆ రాత్రి ఆఫీసులో ఎవరూ అన్నం ముట్టలేదట.
చీలివచ్చినవాళ్ళకి కత్తెరా అని
ఎదురు హోటల్లో దోసెలేసేవాడు కూడా నవ్వాడు.
నేను నా బల్లమీది దాన్ని తీసి చూశాను.
రెండు అలుగులూ ఒక్క మర దగ్గర కలిసున్నాయి.
అది ఊడితే రెండూ దేనికీ కొరగావు.
చెబుదామనుకునేలోపు ఆయన మెట్లు దిగిపోయారు.

నూటనలభై పెద్ద జెండాలు.
నల్లగుడ్డలో కత్తెరలు కత్తిరించి, కత్తెరతోనే,
కాషాయం మీద పెట్టి చుట్టూ కుట్టాను.
అడ్వాన్సు రెండువేలు. మిగతాది గెలిచాక.

లెక్కింపునాడు ఆయన టిఫిను డబ్బా తెచ్చుకున్నారట.
మూత తీసేలోపే అయిపోయింది.
మా వార్డులో మూడువందల ఎనిమిది.
అందులో నాది లేదు.
నేను చెప్పలేదు, ఆయనా అడగలేదు.
కానీ ఆ తర్వాత ఎప్పుడొచ్చినా
కాఫీ వద్దనేవారు.

పద్నాలుగో నెలలో, ఉగాది మర్నాడు పేపర్లో
ఇద్దరు నాయకులూ ఒకరి నోట్లో ఒకరు
బేవుబెల్లం పెట్టుకుంటున్నారు.
ఎవరి చేతిలో బెల్లమో, ఎవరి చేతిలో వేపపువ్వో
ఫొటోలో తెలియలేదు.

సాయంత్రానికి జెండాలన్నీ మూటల్లో వెనక్కొచ్చాయి.
పాత పార్టీ కుర్రాడు పుట్టరాజు మోసుకొచ్చాడు.
"అక్కా, కత్తెరలు విప్పేయ్. గుడ్డ మంచిదే, స్వల్ప అడ్జస్టు."
మరి నా బాకీ, పదకొండువేల నాలుగొందలు?
"అది ఆ పార్టీది కదక్కా."
ఏదీ ఆ పార్టీ?
"లేదు కదక్కా."
వెటకారం కాదు. నిజంగానే అన్నాడు.

బ్లేడుతో ఒక్కో కుట్టూ విప్పాను.
నల్లగుడ్డ ఊడొచ్చింది కానీ
దాని కింద ఎండ తగలని ముదురు కాషాయం
అలాగే మిగిలిపోయింది, కత్తెర ఆకారంలో,
చుట్టూ సూదిబెజ్జాలతో.
ఉతికినా పోలేదు. పుట్టరాజు అది చూడలేదు,
చూసినా పట్టించుకునే రకం కాదు.

మొన్న మెజెస్టిక్ దగ్గర కలయిక సభ.
దారం కొనడానికి వెళ్ళి అటు ఆగాను.
గాలికి జెండా విచ్చుకుంది, వెనకనించి ఎండ పడింది.
మూడో వరసలో ప్లాస్టిక్ కుర్చీలో వెంకోబరావుగారు.
వేదికమీద ఎవరో ఐక్యత గురించి అరుస్తున్నారు.
ఆయన తల పైకెత్తి ఉన్నారు.
అందరూ చప్పట్లు కొట్టాక, కాస్త ఆలస్యంగా
ఆయనా కొట్టారు.

మర్నాడు మేడమెక్కి వచ్చారు, పనేం లేకుండా.
జేబులోంచి ఐదువందల కాగితం తీసి
మిషను పక్కన పెట్టారు. నేనేం అనలేదు.
కాఫీ తీసుకుంటారా అంటే తలూపారు.
స్టీలు గ్లాసు కాలుతుంటే
స్టవ్వు దగ్గరున్న మసిగుడ్డ అందించాను.
గిరిజ అలాంటివి నూటనలభై దాచుకుంది.
ఆయన దాన్ని విప్పి చూడలేదు.
మడతలోనే పట్టుకుని
మెల్లగా, చివరి చుక్కదాకా తాగారు.